ఎరుపు ఎవరి దగ్గర?

2025 జూలై 1, మంగళవారం

ఆడిటరు ఆఫీసులో నెల తిరిగిందంటే వరస ఇదీ. 7న టీడీఎస్ కట్టాలి. 10న వృత్తి పన్ను. 11న జీఎస్టీఆర్-1, మూణ్నెల్ల పద్ధతి ఎంచుకున్న చిన్న వ్యాపారులకైతే 13. 15న పీఎఫ్, ఈఎస్‌ఐ. 20న జీఎస్టీఆర్-3బీ, మా వాడుకలో త్రీబీ, మూణ్నెల్ల వాళ్లకి ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 22. వీటి మధ్యలో అడ్వాన్స్ టాక్సు, టీడీఎస్ రిటర్నులు, కంపెనీల ఫారాలు. ఒక్కో తేదీ కింద పదుల కొద్దీ పార్టీలు. ఇక నుంచి ఇవన్నీ గోడ మీంచి ఫోన్లోకి, కంప్యూటర్లోకి ఎక్కాలని సార్ హుకుం.

గోడ మీదున్నది గుమాస్తా బాబాయి గారి ఏర్పాటు. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం ఉండే పెన్సిలు. గడువు తేదీ చుట్టూ నీలం సున్నా చుడతారు. పని పూర్తయ్యాక దాని మీద ఎర్ర గీత కొడతారు. నెలాఖరుకి క్యాలెండరు ఎంత ఎర్రబడితే ఆయన అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

"బాబాయి గారూ, యాప్‌లో ఎరుపంటే గడువు ముంచుకొచ్చిందని" అన్నాను.

"అదేంటమ్మాయ్! క్యాలెండర్లో ఎర్రంకె ఉంటే సెలవు కదా" అన్నారు.

జూలై 2

గూగుల్ క్యాలెండర్లో ఒక్కో పనికి వేసుకోడానికి పదకొండు రంగులున్నాయి. టొమాటో, బనానా, టాంజరీన్, బేసిల్, పీకాక్, ఫ్లెమింగో, చివర్లో గ్రాఫైట్. సీఏ శిక్షణకి మా దగ్గర చేరిన ఆర్టికల్ అమ్మాయి మధ్యాహ్నమంతా ఉత్సాహంగా పంచింది. జీఎస్టీకి నెమలి నీలం, ఇన్‌కమ్ టాక్సుకి ఆకుపచ్చ, టీడీఎస్‌కి పసుపు, కంపెనీ లాకి ఊదా. సాయంత్రానికి నెల చూడముచ్చటగా తయారైంది.

చూడముచ్చటతోనే సరి. పేరులోనే 'త్రీబీ' అని ఉండగా, అది జీఎస్టీ పని అని రంగు మళ్లీ చెప్పడమెందుకు? మాకు తెలియంది చెప్పాలి రంగు.

జూలై 7, సోమవారం

జూన్‌లో కోసిన టీడీఎస్ ఈరోజు ఖజానాకి చేరాలి. రేపు కడితే ఏమవుతుందని ఒక పార్టీ అడిగారు. వడ్డీ ఇక్కడ నెలల లెక్కన పడుతుంది, అందులో ఒక్క రోజు తగిలినా పూర్తి నెలే. జూన్‌లో కోసి జూలై 8న కడితే రెండు నెలలు. నెలకి ఒకటిన్నర చొప్పున 3 శాతం. ఆలస్యం మాత్రం ఒక్క రోజు. ఆయన వెంటనే చెక్కు పుస్తకం తీశారు.

రంగుల్ని చట్టాల నుంచి విప్పేసి రోజులకి కట్టాం. పనులన్నీ ఒక షీట్‌లో పెట్టి, గడువు తేదీలోంచి ఇవాళ్టి తేదీ తీసేయమన్నాం. మిగిలింది పది దాటితే ఆకుపచ్చ, పదిలోపైతే పసుపు, మూడులోపు నారింజ, ఒకటీ సున్నా అయితే ఎరుపు. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. తేదీ మారగానే గడి రంగూ మారుతుంది.

"అంటే రాత్రి మనం ఇంటికెళ్లాక కూడా పని చేస్తుందన్నమాట" అన్నారు బాబాయి గారు.

"రంగు మారుతుందండీ, అంతే."

జూలై 11, శుక్రవారం

జీఎస్టీఆర్-1. పొద్దున్నే షీట్ తెరిస్తే పైనుంచి కింది దాకా ఎరుపు.

ఈ ఎరుపులో రకరకాల వాళ్లున్నారు. బిల్లులన్నీ ఐదో తేదీకే పంపేసి మా వంతు కోసం ఎదురుచూస్తున్న పెయింట్ల షాపాయన. బిల్లుల ఫొటోలు తీసి, సగం తలకిందులుగా వాట్సాప్‌లో పడేసిన హార్డ్‌వేర్ కొట్టాయన. "రేపు పంపిస్తానమ్మా" అని వారంగా అంటున్న ఇంకొకాయన. ముగ్గురి గడులూ అదే ఎరుపు. "ఏది ముందు చేద్దాం?" అని సార్ అడిగితే ఎవరం షీట్ వైపు చూడలేదు. ఎవరికి వాళ్లం గుర్తున్న దాన్నిబట్టి చెప్పాం. ఏది ముందో చెప్పలేనప్పుడు రంగు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

జూలై 14

కొనుగోళ్ల మీద క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బీ, అంటే టూబీ, వచ్చింది. అమ్మినవాళ్లు తమ గడువులోపు జీఎస్టీఆర్-1 వేస్తేనే ఆ బిల్లులు ఇవాళ కొన్నవాళ్ల టూబీలో కనిపిస్తాయి. కనిపిస్తేనే వాళ్లకి క్రెడిట్. మన పెయింట్ల షాపాయనకి సరుకు పంపిన హోల్‌సేలరు వేయలేదు. ఆయన ఎవరో, ఆయన ఆడిటరెవరో మాకు తెలియదు. ఆ ఊళ్లో ఎవరి షీట్‌లోనో ఒక గడి మూడు రోజులుగా ఎర్రగా ఉంది. దాని డబ్బు ఇక్కడ మా పార్టీ జేబులోంచి పోతోంది, మా షీట్‌లో మాత్రం పెయింట్ల షాపాయన గడి పసుపుగానే ఉంది.

జూలై 20, ఆదివారం

త్రీబీ. ఆదివారమని జీఎస్టీ తేదీ సోమవారానికి జరగదు. గోడ క్యాలెండర్లో ఇవాళ్టి అంకె ఎర్రగానే ఉంది, షీట్‌లో గడి కూడా ఎర్రగానే ఉంది. ఒకటి ఇంట్లో ఉండమంటుంది, ఇంకోటి ఆఫీసుకి రమ్మంటుంది. వచ్చాం. పక్క వీధి నుంచి సార్ పునుగులు తెప్పించారు.

జూలై 22

ఎరుపు అంతా ఒకే బరువు తూగదు. రూపాయల్లో పెట్టి చూస్తే:

త్రీబీ ఆలస్యమైతే రోజుకి 50, నిల్ రిటర్న్ అయితే రోజుకి 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే. టీడీఎస్ రిటర్న్ ఆలస్యమైతే రోజుకి 200, కోసిన పన్ను మొత్తం దాకా పెరుగుతూ పోతుంది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌కి ఒక్కసారే 5,000; ఆదాయం 5 లక్షలు దాటకపోతే 1,000. టాక్స్ ఆడిట్ రిపోర్టు తప్పితే టర్నోవరులో అర శాతం, గరిష్ఠంగా లక్షన్నర.

కొన్నిటి జరిమానా రోజురోజుకీ పెరుగుతుంది. కొన్నిటిది గడువు దాటిన క్షణాన ఒక్కసారే పడుతుంది. రోజుకి ఇరవై రూపాయల నిల్ రిటర్నూ లక్షన్నర ఆడిట్ రిపోర్టూ గడువొస్తే ఒకే ఎరుపులో కూర్చుంటాయి. గడువు ఎంత దూరంలో ఉందో మా రంగు చెబుతోంది. దాటితే ఎంత పోతుందో చెప్పడం లేదు.

జూలై 23, బుధవారం

పక్కింటి పాపకి టీకా ఉందంటే వాళ్లమ్మకి తోడుగా వెళ్లాను. పోలియో చుక్కల సీసా మీద చిన్న ముద్ర ఉంది: ఊదా రంగు వలయం, దాని మధ్యలో లేత చతురస్రం. అడిగితే సిస్టర్ చూపించింది. సీసాకి వేడి తగిలినకొద్దీ లోపలి చతురస్రం ముదురుతుందట. చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉన్నంతసేపు వాడొచ్చు. వలయంతో కలిసిపోయినా, అంతకంటే ముదిరినా పారేయాలి. పోలియో టీకా మీద ఈ ముద్ర 1996 నుంచి ఉంది.

నాకు నచ్చిందేమిటంటే, ఆ చతురస్రం అట్ట మీది తేదీని చదవదు. ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుంది, ఎండలో ఎన్ని గంటలుంది, ఆ సీసా మీద నిజంగా గడిచిందంతా లెక్కేసుకుని ముదురుతుంది. మా షీట్‌కి తెలిసింది క్యాలెండరొక్కటే. పార్టీ కాగితాలు వచ్చాయా, రాలేదా అన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

జూలై 31

ఏటా ఇవాళ మా ఆఫీసులో నిలబడే చోటుండదు. ఈసారి మామూలు ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుల గడువు సెప్టెంబర్ 15కి జరిపామని మే నెలలోనే చెప్పేశారు. టీడీఎస్ రిటర్నులు మాత్రం ఇవాళే. ఇన్‌కమ్ టాక్స్ గడులన్నీ చల్లని ఆకుపచ్చ. ఆ చల్లదనానికి పార్టీలూ నిదానించారు. "ఇంకా నెలన్నర ఉందిగా మేడమ్." ఫారం-16 కోసం ఫోన్ చేసిన ప్రతిచోటా ఇదే మాట. ఆకుపచ్చ అంటే 'తొందర లేదు' అని అందరూ చదువుకుంటున్నారు. 'మొదలుపెట్టడానికి ఇదే సమయం' అని దాన్నెవరూ చదవరు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఆఫీసు సగం ఖాళీ. ఫోన్ చేస్తే షాపుల్లో ఆడవాళ్లూ లేరు, ఆడవాళ్ల దగ్గర తాళాలున్న బీరువాల్లో కాగితాలూ కదలవు. శనగలు వచ్చాయి, స్టేట్‌మెంట్లు రాలేదు.

ఆగస్టు 12

ఆర్టికల్ అబ్బాయి షీట్ తెరిచిన ప్రతిసారీ రంగులు వదిలేసి నేరుగా తేదీల వరసకి వెళ్తాడు. ఇవాళ అమ్మాయి నిలదీసింది. కాసేపు నసిగి చెప్పాడు: ఎరుపూ ఆకుపచ్చా వాడికి దాదాపు ఒకే మట్టి రంగులో కనిపిస్తాయి. చిన్నప్పట్నుంచీ అంతే. బాబాయి గారు వెంటనే మామిడిపండు పండిందో లేదో ఎలా తెలుసుకుంటావురా అని అడిగారు. "వాసన చూసి, నొక్కి చూసి, తాతయ్యా" అన్నాడు.

ఇది అరుదేమీ కాదు. ఈ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, అందుకే మగవాళ్లలో బాగా ఎక్కువ. అణుసిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కీ ఇదే ఉండేది. 1794లో తన చూపు గురించి తానే వ్యాసం చదివాడు. దాచి ఉంచిన ఆయన కంటి నుంచి డీఎన్‌ఏ తీసి 1995లో ఏ రకం లోపమో తేల్చారు కూడా.

అదే సాయంత్రం సార్ షీట్‌కి ప్రింటు తీయించారు. మా ప్రింటరు నలుపు తప్ప ఇంకో రంగు ఎరగదు. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ మూడూ బూడిదగా వచ్చాయి. కాగితం ముందు అందరం ఆ అబ్బాయి చూపుతోనే కూర్చున్నాం. రేపట్నుంచి ప్రతి గడిలో రంగుతో పాటు ఒక అక్షరం కూడా.

ఆగస్టు 20

బెజవాడ జంక్షన్‌లో అత్తయ్యని రైలెక్కించడానికి వెళ్లి ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ చూస్తూ నిలబడ్డాను. రెండు పసుపు దీపాలు వెలిగాయి. మామయ్య రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఒక్క పసుపంటే తర్వాతి సిగ్నల్ ఎరుపు, ఆగడానికి సిద్ధంగా రా అని. రెండు పసుపులంటే తర్వాతి సిగ్నల్ దగ్గర వేగం తగ్గి ఉండాలి అని. ఇంజన్‌లో ఇద్దరుంటారు. కనిపించిన సిగ్నల్‌ని ఒకరు గట్టిగా పలకాలి, రెండోవారు తిరిగి పలకాలి.

"డ్రైవరుకి ఎంత ప్రమాదమో చెప్పదు సిగ్నలు" అన్నారు మామయ్య. "నీ చేత్తో ఇప్పుడేం చేయాలో చెబుతుంది. భయపెట్టడం దాని పని కాదమ్మా."

ఆ మాట షీట్‌కి ఎక్కించాలి.

ఆగస్టు 27

వినాయక చవితి. క్యాలెండర్లో ఎరుపు, పందిట్లో పత్రి ఆకుపచ్చ. ఈ రెంటికీ గడువుతో సంబంధం లేదు, హాయి.

సెప్టెంబర్ 4, గురువారం

నిన్న రాత్రి జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది. 12, 28 శ్లాబులు చాలావరకు పోయి 5, 18 మిగులుతాయి. విలాస వస్తువులు, పాన్‌మసాలా లాంటివాటికి 40. పాన్‌మసాలా లాంటివి తప్ప మిగతావి సెప్టెంబర్ 22 నుంచి అమలు. పొద్దున్నుంచీ ఫోన్లే. సిమెంటు డీలరుకి 28 నుంచి 18, మందుల షాపాయనకి చాలా మందుల మీద 12 నుంచి 5. ఒకాయన స్టాకు ఏం చేయాలంటాడు, ఇంకొకాయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎవరు మారుస్తారంటాడు.

22ని ఏ రంగులో వేయాలో ఎవరికీ తోచలేదు. మా రంగులన్నీ ముగిసే తేదీలవి. ఇది మొదలయ్యే తేదీ. ఆ రోజు ఏదీ 'దాఖలు' కాదు, కానీ ఆ రాత్రి పన్నెండుకి ముందు బిల్లుకీ తర్వాత బిల్లుకీ రేటు వేరు. అమ్మాయి దానికి నల్ల అంచు గీసి వదిలేసింది.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇవాళ పాత రంగులన్నీ తుడిచేశాం. రోజుల అంకె ఒక వరసలో ఎలాగూ ఉంది. తేదీ సంగతి తేదీయే చెప్పుకుంటుంది. ఇక రంగు ఒక్కటే చెప్పాలి: ఈ పని ఇప్పుడు ఎవరి చేతిలో ఆగి ఉంది?

పసుపు, 'పా': పార్టీ దగ్గర. కాగితాలు రావాలి, మనం ఫోన్ చేయాలి.
నీలం, 'మ': మన దగ్గర. అన్నీ వచ్చేశాయి, కూర్చుని చేయాలి.
నారింజ, 'ఓ': ఓటీపీ దగ్గర, సంతకం దగ్గర. మనం చేసేశాం, పార్టీ ఒప్పుకోవాలి.
ఊదా, 'శా': శాఖ దగ్గర. అప్పీలు, రిఫండు, రిజిస్ట్రేషను లాంటివి.
బూడిద, 'అ': అయింది.

ఆకుపచ్చని తీసేశాం. అయిపోయిన పని కంటిని లాగాల్సిన అవసరం లేదు, బూడిద చాలు. ఇక ఎరుపుకి ఒక్కటే నియమం పెట్టాను: పని మన చేతిలో ఉండాలి, గడువు రెండు రోజుల్లో ఉండాలి. రెండూ కలిస్తేనే ఎరుపు. చూస్తున్నవాళ్లు ఏమీ చేయలేని పనిని ఎర్రగా చూపిస్తే గుండె దడ తప్ప ఒరిగేదేమీ లేదు.

సార్ ఒకటే అడిగారు. "పార్టీ దగ్గర ఆగింది గడువు రోజు దాకా పసుపుగానే ఉంటుందా? ఎవరికీ పట్టదేమో." అది న్యాయమైన ప్రశ్న. పసుపు గడి పక్కన చివరిసారి ఫోన్ చేసిన తేదీ రాయాలని ఒప్పందం. ఆ తేదీ పాతబడితే తప్పు ఫోన్ చేయాల్సినవాళ్లది.

సెప్టెంబర్ 11

టయోటా కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను పొడవునా ఒక తాడుంటుంది. పనిలో ఎక్కడ తేడా కనిపించినా అక్కడున్న కార్మికుడు లాగొచ్చు. పైన బోర్డు మీద అతని చోటు దీపం వెలుగుతుంది, పెద్దమేస్త్రీ ఆ చోటుకే వస్తాడు. దాన్ని ఆందన్ అంటారు. దీపం వెలిగేది పని ఎక్కడ ఆగిందో చెప్పడానికి. నింద కోసం వెలిగిస్తే ఆ తాడుని ఎవడూ ముట్టుకోడు. మా ఆర్టికల్స్‌కి ఇది విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నీలం గడి కింద తమ పేరు చూసి ఇద్దరూ ముఖం ముడుచుకున్నారు మరి.

సెప్టెంబర్ 15, సోమవారం

రిటర్నుల గడువు. అదే రోజు అడ్వాన్స్ టాక్సు రెండో వాయిదా. ఈ తేదీకి ఏడాది పన్నులో 45 శాతం కట్టి ఉండాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా ఇవాళే.

పొద్దున షీట్ చూస్తే ఎరుపులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. పసుపులే ఎక్కువ. అంటే పొద్దున పని కీబోర్డు మీద లేదు, ఫోన్ మీద ఉంది. అమ్మాయినీ బాబాయి గారినీ ఫోన్ల మీద కూర్చోబెట్టాం. ముప్ఫై ఏళ్ల పరిచయాలు ఆయనవి. "ఏవయ్యా, మీ నాన్నగారైతే ఈపాటికి కాగితాలు పట్టుకుని మెట్ల మీదుండేవారు" అంటే చాలు, అరగంటలో స్టేట్‌మెంట్ మెయిల్‌కి వచ్చేది. పసుపు నీలమైంది, నీలం ఎరుపైంది, ఎరుపు నారింజకి దాటింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఓటీపీలే. రిటర్న్ పంపాక 30 రోజుల్లోగా వెరిఫై చేయాలి, చేయకపోతే వేసినా వేయనట్టే. అందుకే పంపగానే బూడిద వేయనివ్వలేదు.

రాత్రి పన్నెండు దగ్గరపడ్డాక ఒక్క రోజు పొడిగించారన్న కబురు. సార్ నవ్వి, "పడుకోండి" అన్నారు.

సెప్టెంబర్ 16

నిన్నటికే దేశం మొత్తం మీద 7.3 కోట్లకు పైగా రిటర్నులు పడ్డాయట. మా దగ్గర మిగిలినవి పార్టీ దగ్గరివి కొన్ని, ఓటీపీ దగ్గరివి కొన్ని. ఇవాళ మేమే ముందుండి ఫోన్లు చేశాం. రాత్రి తొమ్మిదికి ఆఫీసు తాళం పడింది.

సెప్టెంబర్ 22

కొత్త రేట్లు. దుర్గమ్మ కొండ మీద శరన్నవరాత్రులు మొదలు. పొద్దున ఏడింటికే సిమెంటు డీలరు: "అమ్మా, రాత్రి లోడింగైన లారీకి పాత రేటా, కొత్త రేటా?" సరుకు ఎప్పుడు కదిలింది, బిల్లు ఎప్పుడు కొట్టారు, డబ్బు ఎప్పుడు వచ్చింది, ఈ మూడూ చూసి చెప్పాలి. నల్ల అంచు గడి సాయంత్రం దాకా బిజీగానే ఉంది.

సెప్టెంబర్ 25, గురువారం

టాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 31కి. సాయంత్రం ఉత్తర్వు వచ్చింది.

తమాషాకి పాత షీట్ ఒకటి తెరిచాను, రోజుల రంగులది. గడువు గడిలో 30-09 తీసి 31-10 కొట్టగానే పసుపులన్నీ ఒక్కసారిగా ఆకుపచ్చ అయిపోయాయి. బల్ల మీద దొంతరగా పేర్చిన ఫైళ్లలో ఒక్క కాగితమూ కదల్లేదు. ఒక్క బ్యాంకు స్టేట్‌మెంటూ కొత్తగా రాలేదు. పని అంగుళం కదలకుండా షీట్ మాత్రం పండగ చేసుకుంది.

కొత్త షీట్‌లో అంకెలు మారాయి. పసుపులు పసుపులుగానే, నీలాలు నీలాలుగానే ఉన్నాయి.

అక్టోబర్ 3

విజయదశమి మర్నాడు. బస్టాండు నుంచి ఘాట్ దాకా ఎర్ర బట్టల భవానీలు. ఎరుపుని చూసి దణ్ణం పెడుతోంది ఊరు. ఆఫీసులో కంప్యూటర్ల మీద నిన్నటి ఆయుధపూజ బొట్లు ఇంకా ఉన్నాయి. అమ్మాయి స్క్రీన్ అంచున పెట్టిన కుంకుమ బొట్టుని ఆర్టికల్ అబ్బాయి తుడవబోతే బాబాయి గారు ఊరుకోలేదు.

అక్టోబర్ 20

దీపావళి. త్రీబీ గడువు 25కి జరిపారు. ఇంటికి పోయి దీపాలు పెట్టుకోండి అని సార్ మెసేజ్. కింద అబ్బాయి జవాబు: "సార్, నీలం ఒక్కటీ లేదు. అన్నీ ఓ, అ." వాడు రంగు పేరు వాడడం ఇదే మొదటిసారి. అక్షరాలు చూసే చెప్పాడు.

అక్టోబర్ 28

మొంథా తుపాను. రాత్రికి నరసాపురం దగ్గర తీరం దాటుతుందంటున్నారు. ఇక్కడ పొద్దున్నుంచీ గాలీవానా. కోనసీమ పార్టీల గడులు పసుపులో ఉన్నాయి. వాళ్లకి ఇవాళ ఫోన్ చేసి బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగే నోరు ఎవరికుంది? ఫోన్ తేదీ గడిలో 'తుపాను' అని రాసి వదిలేశాం. మనిషి చేత్తో రాసే గడి ఒకటి ఉంచడం మంచిదైంది. షీట్ ఎంత లెక్క తెలిసినదైనా ఇది దానికి తట్టదు.

అక్టోబర్ 29

ఆడిట్ రిపోర్టుకి మళ్లీ పొడిగింపు, నవంబర్ 10. ఆ రిటర్నులకి డిసెంబర్ 10. కోనసీమ వాళ్లు క్షేమమని ఒక్కొక్కరే మెసేజ్ పెడుతున్నారు. కొబ్బరి తోటాయన ఇంట్లో కరెంటు లేదు, పొరుగూరు వెళ్లి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని మరీ "కాగితాలు పైన అటక మీద ఉన్నాయమ్మా, తడవలేదు" అని చెప్పాడు.

నవంబర్ 10, కార్తీక సోమవారం

ఆడిట్ రిపోర్టు సార్ అప్‌లోడ్ చేస్తే పని అయిపోయినట్టు కాదు. పార్టీ తన లాగిన్‌లో దాన్ని ఒప్పుకుంటేనే దాఖలైనట్టు. బట్టల కొట్టాయనది మూడు రోజులుగా నారింజలో ఉంది. పొద్దున ఫోన్ చేస్తే స్విచాఫ్. షాపుకి చేస్తే, నాన్నగారు అమరావతి వెళ్లారు, ఉపవాసం, దర్శనానికి క్యూలో ఉంటారు, ఫోన్ కారులో డ్రైవరు దగ్గరుంది అన్నాడు కొడుకు. డ్రైవరు నంబరు పట్టాం. అతను ఫోన్ పట్టుకుని గుడి బయట నిలబడ్డాడు. ఒంటిగంటకి ఆయన తడి పంచెతో బయటికొచ్చి, ఎండలో స్క్రీన్ సరిగా కనపడక ఒక్కో అంకె గట్టిగా చదివాడు. అబ్బాయి ఇక్కడ తిరిగి పలికాడు. ఒప్పుకున్నట్టు వచ్చింది.

మూడు రోజులుగా నారింజ అని కనిపించింది కాబట్టే పొద్దున తొమ్మిదికే వెతకడం మొదలైంది. పాత షీట్ అయితే మిగతావాటితో పాటు ఎర్రగా ఉండేది, సార్ అప్‌లోడ్ చేసేశారు కదా అని అందరం ఊరుకునేవాళ్లం.

నవంబర్ 12

కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం వచ్చే ఏప్రిల్ 1 నుంచి అమలు. 1961 నాటి పాతది పోతుంది. 536 సెక్షన్లు. 'అసెస్‌మెంట్ ఇయర్' అనే మాట పోయి 'టాక్స్ ఇయర్' వస్తుంది. ఇన్నేళ్లుగా నోటికొచ్చిన నంబర్లన్నీ మళ్లీ నేర్చుకోవాలి. షీట్‌లో సెక్షను వరస, ఫారం వరస కొత్తగా నింపాలి. ఆ పని అమ్మాయికి అప్పజెప్పాం.

రంగుల వరస ముట్టుకోవద్దని చెప్పాను. చట్టం ఏ నంబరు పెట్టుకున్నా కాగితాలు పార్టీ దగ్గరే పుడతాయి, మన బల్ల మీదికి రావాలి, సంతకం కోసం మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి. సార్ ఇప్పుడు పొద్దున్నే "ఎన్ని పెండింగ్?" అని అడగడం మానేశారు. "ఎవరి దగ్గర ఎన్ని?" అంటున్నారు. దానికి జవాబు చెప్పడానికి బాబాయి గారు కూడా గోడ దగ్గర్నుంచి లేచి స్క్రీన్ దగ్గరికి వస్తున్నారు.